నామినేషన్ మీద నా సంతకం

మా వార్డును ఈసారి ఆడవాళ్ళకు కేటాయించారని తెలిసిన మూడో రోజు పొద్దున ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. నేను మేడ మీద బట్టలు ఆరేసి అప్పుడే దిగుతున్నాను. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడకుండా అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు. పాతికేళ్ళ కింద కార్పొరేషన్ బడిలో ఆరో తరగతిలో నా ఎదుట కూర్చున్న పిల్ల. ఎనిమిదితో చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి.

"టీచరమ్మా, నేను తేర్దల్లో నిలుస్తుండాను," అన్నది. ఎన్నికను మా ఊళ్ళో తెలుగువాళ్ళం కూడా తమిళంలోనే అంటాం. "కౌన్సిలర్‌కి. ఏ పార్టీ లేదు. ఒంటిగా."

నేను నవ్వాననుకుంటాను. ఆమె చూసింది.

"నవ్వండి, పర్లేదు. మా ఇంటాయన గూడా నవ్వినాడు. ఈ వార్డులో ఓట్టు ఉండేవాళ్ళు ఒకరు నా పేరు చెప్పి కయ్యెళుత్తు పెట్టాలంట. మీరు పెడతారా?"

కయ్యెళుత్తు అంటే సంతకం. వాళ్ళ లైను ఇళ్ళల్లో ఓటున్నవాళ్ళు వందలమంది ఉండగా నన్నెందుకు అడుగుతున్నావన్నాను.

"మీరు పెడితే ఆఫీసులో వాడు కాగితాన్ని చేత్తో తీసుకుంటాడు. మావాళ్ళు పెడితే ఆ పక్కన పెట్టు అంటాడు."

అది నిజమేనని ఇద్దరికీ తెలుసు. అయినా నేను వెంటనే పెన్ను తీయలేదు. కాఫీ తాగి పొమ్మన్నాను, లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను.

మాది కోయంబత్తూరులో పాత తెలుగు వీధి. తాతల కాలంలో ఇక్కడ పత్తి, జొన్న పండేవి. తర్వాత మిల్లు వచ్చింది, ఇప్పుడు మా వాళ్ళలో సగం మంది నీళ్ళ పంపులకు భాగాలు పోసే ఫౌండ్రీలు నడుపుతారు. వీధి చివర పళ్ళం అని పిలిచే వాగు ఒకటి ఉంది. ఒకప్పుడు వాన నీళ్ళు పోయేవట, ఇప్పుడు మురుగు పోతుంది. దాని మీద చిన్న వంతెన. వంతెన అవతల లైను ఇళ్ళు. అక్కడివాళ్ళదీ తెలుగే. ఊరు ఊడ్చే పనికి ఎన్నో తరాల కింద వచ్చిన కుటుంబాలు. కొందరు గుడికి పోతారు, కొందరు చర్చికి. వాళ్ళ తెలుగు వేరే అని మా అవ్వ అనేది. నా చెవికి అటూ ఇటూ ఒకటే. అటూ ఇటూ తెలుగు చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేనూ నలభై దాటాక నేర్చుకున్నాను, పిల్లల వాచకం పెట్టుకుని.

కాఫీ తాగుతూ ఆమె తానెందుకు నిలబడుతుందో చెప్పింది. అంతకుముందు చిత్తిరై నెల ఎండల్లో ఆమె తల్లి పోయింది. ఆ తల్లి ముప్ఫై ఏళ్ళు మా వీధినే ఊడ్చింది. ఆమె పోయిన సంగతి నాకు తెలుసు, దండ పంపించాను. తెలియనిది ఇంకొకటి ఉంది.

"అమ్మకి స్నానం పోసేకి నీళ్ళు లేకపోయె," అన్నది ఆమె. "పది దినాలకి ఒకసారే మాకు నీళ్ళు వచ్చేది, ఆ దినమే రావాల. వదల్లేదు. అడిగితే మీ వీధిలో రోడ్డు పని జరుగుతుండాది, గొట్టం మూసినాము అన్నారు. నేనూ మా ఆడబిడ్డా బిందెలు ఎత్తుకుని వంతెన దాటి వస్తిమి. ఒక ఇంట్లో రెండు బిందెలు ఇచ్చినారు. ఇంకో ఇంట్లో మోటారు పని చెయ్యలేదని వాచ్‌మన్ చెప్పినాడు. ఆ పొద్దు ఆ ఇంట్లో తోటకి నీళ్ళు పారుతుండె."

ఏ ఇల్లో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. వాచ్‌మన్, తోట రెండూ ఉన్న ఇళ్ళు మా వీధిలో మూడే. వాటిలో ఒకటి మా అన్నది.

ఆ రోడ్డు సంగతి నాకు బాగా గుర్తుంది. ఉన్న రోడ్డు బాగానే ఉంది. మూడేళ్ళ కింద వేసిందే. మా అన్న వీధి సంఘానికి అధ్యక్షుడు. కారు ఊగుతుందని ఒక ఫోను చేశాడు, రెండో వారంలో తారు డబ్బాలు దిగాయి. సిరువాణి డ్యాము నీళ్ళు మా వీధికి వారానికి రెండుసార్లు వస్తాయి, ఇంటింటికీ నేల కింద తొట్టి ఉంది. లైనుకు పది రోజులకు ఒకసారి, అన్ని ఇళ్ళకూ కలిపి ఒకే కొళాయి.

"మీ వీధిలో ఓట్టు వేసేవాళ్ళు తక్కువ, టీచరమ్మా. అయినా పని జరుగుతాది. మేము ఒకరు మిగలకుండా వేస్తాము, ఏమీ జరగదు. మీకు ఫోను ఉండాది. మాకు ఓట్టు ఒకటిదా ఉండాది. అది గూడా ఎవురికో ఇచ్చేదానికి బదులు, ఒకసారి మాకే వేసుకుంటే ఏమవుతాది అని చూస్తాను."

నేను సంతకం పెట్టాను. ఇంటి చిరునామా, ఓటరు జాబితాలో నా వరస సంఖ్య, అన్నీ గుండ్రంగా రాశాను. ఆమె వెళ్ళిపోయాక కాసేపు నా మీద నాకే గౌరవం కలిగింది. ఆ మాట దాచుకోను.

మధ్యాహ్నానికి అన్నకు తెలిసిపోయింది. పక్కిల్లే. గోడకున్న చిన్న తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం పాపా, ఏంటికి ఇట్ల సేస్తివి?" అన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, నన్నింకా పాపా అనే పిలుస్తాడు. "నన్నొక మాట అడిగుండకూడదా?"

"సంతకం నాది కదా అన్నా."

"పేరు మనందరిదీ. ఆ పక్క నిలుస్తుండేది ఎవురి ఇంటామో తెలుసునా? పెద్ద పార్టీ. ఆయన నాకు వేండినవాడు, కావలసినవాడు. రేపు ఫౌండ్రీ పొగ అని ఎవుడైనా అర్జీ పెడితే నేను ఎవురికి ఫోను సేసేది? నీ వంటామెకా?"

"వాళ్ళమ్మ పోయిన రోజు లైనుకు నీళ్ళు ఆపేశారంట. మన రోడ్డు కోసం."

"అది నాకు తెలీదు," అన్నాడు. నిజంగానే తెలియదని నాకనిపించింది. ఆ తర్వాత, "తెలిసుంటే మాత్రం ఏమి సేసేది? గొట్టం నేను మూస్తినా?" అన్నాడు.

ఏదీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆమెకు బీరువా గుర్తు ఇచ్చారు. "మా ఇంట్లో బీరువా లేదు, ఊరంతా బీరువాకి వెయ్యండి అని అడగల్ల," అని నవ్వింది. ప్రచారానికి ఆమె, ఆడబిడ్డ, హాస్టల్లో పనిచేసే ఇద్దరు, నేను. పన్నెండు రోజులు. నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. పొద్దున్నే లేచి కాగితాలు సర్దుకునేదాన్ని, మళ్ళీ సర్దుకునేదాన్ని. ఆమె రావడం పావుగంట ఆలస్యమైతే వంతెన దాకా నడిచి చూసొచ్చేదాన్ని.

ముందు మా వీధి. మొదటి అపార్ట్‌మెంటులో కాపలా మనిషి మమ్మల్ని ఆపి, నన్ను మాత్రం పోనిచ్చాడు. నేను ఒక్కదాన్నే పైకెళ్ళి, నిలబడ్డ మనిషి కింద ఉందని చెప్పి, కాగితాలు ఇచ్చి దిగాను. అభ్యర్థి గేటు బయట, ఆమె తరఫు మనిషి లోపల. రెండో అపార్ట్‌మెంటులో పెద్దావిడ ఒకరు తలుపు సందులోంచి ఆమెను చూసి, "ఎవరింట్లో పని?" అని అడిగారు. ఆమె వెంటనే, "ఇంకా ఎవురింట్లోనూ లేదమ్మా, ఈ వార్డులో పని అడిగేకి వస్తిమి," అన్నది. పెద్దావిడ కాగితం తీసుకున్నారు, చదివారో లేదో.

వీధి చివరింటాయన నాతోనే మాట్లాడాడు. "టీచర్, మీరే నిలబడి ఉంటే అందరం వేసేవాళ్ళం కదా. చదువుకున్నవాళ్ళు, మన మనిషి." ఆమె నా పక్కనే ఉంది. ఆయన్ను నేను మందలించాలి. మందలించాను కూడా, మెత్తగా. అయినా ఆ మాట లోపల ఎక్కడో నాకు నచ్చింది. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటూ కూడా అదే గుర్తుకొచ్చింది. అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు.

తర్వాత లైను. అక్కడ గేట్లు లేవు, కాపలా లేదు, అడుగడుగునా మనుషులే. బడిలో నా దగ్గర చదివినవాళ్ళు "వాంగ టీచర్" అని రమ్మంటూ లేచి నిలబడ్డారు. వాళ్ళు అంత త్వరగా లేవడం, అంత త్వరగా మౌనంగా అయిపోవడం నేను మర్యాద అనుకున్నాను. ఒక ముసలామె మాత్రం లేవలేదు. ఉల్లిపాయలు ఒలుస్తూ నన్ను కిందినుంచి పైకి చూసింది.

"నీవు ఎవురి మనిషివి?" అని అడిగింది.

"ఈమె మనిషినే అవ్వా."

"ఈమె ఎవురి మనిషి?"

నేను ఏదో చెప్పాను. అవ్వ తల ఊపి, ఉల్లిపాయల్లోకి తిరిగిపోయింది. ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది.

ఎన్నికకు నాలుగు రోజుల ముందు లైన్లో ఇంటింటికీ స్టీలు డబ్బా ఒకటి వచ్చింది, అన్నం వేడిగా ఉంచే రకం. ఎవరిచ్చారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మా వీధిలో అది విని నవ్వుకున్నారు. డబ్బాకు ఓటు అమ్ముకుంటారని మా అన్న కొడుకు ఫోనులో ఎవరికో చెప్పడం గోడ మీంచి వినిపించింది. మా వీధికి ఎవరూ డబ్బా ఇవ్వలేదు. మాకు రోడ్డు ఇచ్చారు. అది కూడా ఓటు వేయకుండానే.

ఎన్నిక రోజు సెలవు. పోలింగు మేమందరం చదివిన, నేను పాఠాలు చెప్పిన అదే కార్పొరేషన్ బడిలో. మా వీధికి ఉత్తరం గది, లైనుకు దక్షిణం గది. ఏడు గంటలకే దక్షిణం వైపు వరుస గది నుంచి గేటు దాకా, గేటు దాటి సైకిల్ షాపు దాకా ఉంది. పనికి పోయేముందు వేసి పోవాలని వచ్చినవాళ్ళు, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు, కుర్చీతో సహా ఎత్తుకొచ్చిన ముసలివాళ్ళు. ఉత్తరం వైపు గది ముందు నేను, నా వెనక ఒక రిటైరైన బ్యాంకు ఆయన. నేను వెళ్ళేసరికి పోలింగు అధికారి టీ తాగుతున్నాడు.

వేసి బయటికొచ్చాక ఆ రెండు గదుల మధ్య వరండాలో నాకు కాలు నిలవలేదు. లైను బూత్‌లో యంత్రం కీచుమని మోగుతూనే ఉంది. మా బూత్‌లో నిశ్శబ్దం. పదకొండు గంటలకు ఉండబట్టలేక మా వీధికి వచ్చి ఇల్లిల్లూ తిరిగాను. ఎవరికి వేయాలో చెప్పలేదు, వేయండని మాత్రం అడిగాను. ఒకరింట్లో ఏసీ బాగుచేసే మనిషి రావాల్సి ఉంది. ఒకరు మేట్టుపాళయం మీదుగా కొండకు పోయారు, సెలవు కలిసొచ్చిందని. మా అన్న చిన్నమనూరులో వదినె తమ్ముడి ద్రాక్షతోటకు ముందురోజే వెళ్ళిపోయాడు. అపార్ట్‌మెంటులో ఒక కుర్రాడు బనీనుతో తలుపు తీసి ఎంతో మర్యాదగా, "ఎవరు గెలిచినా మన రోడ్డు మనకొస్తుంది కదా ఆంటీ," అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. వాడన్నది నిజం.

మూడు గంటలకు వదినె గోడ తలుపు తీసుకుని వచ్చింది. మోకాలి నొప్పి అని చిన్నమనూరుకు పోకుండా ఉండిపోయింది. కొత్త చీర కట్టుకుంది.

"పోదాం రా," అన్నది.

నెమ్మదిగా నడిచాం. నొప్పి నిజమే. దారిలో ఆమె అన్నది, "పెండ్లై ఈ ఇంటికి వచ్చి ముప్ఫై అయిదేండ్లు. ఓట్టుకి ఎవురికి వెయ్యాలని నన్ను ఎవురూ అడగలేదు. చెప్పినారు. వేస్తిని."

నేనూ అడగలేదు. లోపలికి వెళ్ళి వచ్చింది, వేలి మీద సిరా చూసుకుంది, అంతే.

లెక్కింపు ఒక ఇంజనీరింగు కాలేజీలో. ఆమె అభ్యర్థి కాబట్టి లోపల, నేను రోడ్డవతల టీ కొట్టు దగ్గర. పొద్దుటి నుంచి నాలుగు టీలు తాగాను. ఒక చోట కూర్చోలేక కొట్టు చుట్టూ తిరుగుతుంటే కొట్టాయన, "కూర్చోండమ్మా, ఎవరు మీవాళ్ళు?" అని తమిళంలో అడిగాడు. పన్నెండు దాటాక పెద్ద పార్టీవాళ్ళు టపాసులు కాల్చారు. తర్వాత చాలాసేపటికి ఆమె బయటికొచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

మూడో స్థానం. మా వీధి బూత్‌లో ఆమెకు వచ్చినవి తొమ్మిది ఓట్లు. తొమ్మిదిలో ఒకటి నాది. తక్కిన ఎనిమిదీ ఎవరివా అని నేను వెంటనే వెతుక్కోవడం మొదలుపెట్టాను, వీధిలో ఒక్కొక్క ఇల్లే తలచుకుంటూ. ఆ వెతుకులాటలో అసలు సంగతి ఆలస్యంగా తట్టింది. లైను బూత్‌లో కూడా ఆమెకు సగం రాలేదు. సగానికి కొంచెం తక్కువ.

"డబ్బాలు," అన్నాను నేను.

ఆమె టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత, "ఒకటి చెప్తాను, కోపించుకోకండి," అన్నది.

"చెప్పు."

"డబ్బా అందరికీ వచ్చినాది. నాకు వేసినవాళ్ళు గూడా తీసుకున్నారు. డబ్బా కాదు. మీ కయ్యెళుత్తు."

నాకు అర్థం కాలేదు.

"టీచరమ్మ కయ్యెళుత్తు పెట్టినాదంటే వాళ్ళన్న పెట్టమంటేదా పెట్టినాది అనేసి మాట లేచినాది. ఫౌండ్రీకి గోడౌను కావాలంట, లైను లేపేకి లోపలి మనిషి కావాలంట, ఆ మనిషి నేనంట. మా లైన్లో ఎవురికీ పట్టా లేదు కదా. ఇల్లు పోతాది అంటే ఎవురు వేస్తారు?"

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో దినమే."

టీ కొట్టు ముందు బస్సులు ఆగుతున్నాయి, పోతున్నాయి. నాకు ముందు కోపం వచ్చింది, లైను మీద. పన్నెండు రోజులు ఎండలో తిరిగాను, ఇంట్లో మాట పడ్డాను, నన్నా అనుమానించేది అని. ఆ కోపం కాసేపట్లోనే నాకు సిగ్గుగా మారింది. మా వీధి మనిషి వంతెన దాటి వచ్చాడంటే ఏదో ఒకటి తీసుకుపోవడానికే వచ్చాడని వాళ్ళకు తెలుసు. తెలియడానికి వాళ్ళకు కారణాలున్నాయి. ఉల్లిపాయలు ఒలిచే అవ్వ అడిగింది అదే.

"మరి నన్నెందుకు లైనుకు తీసుకుపోయావు? రావద్దని ఒక మాట చెప్పి ఉంటే?"

"మీరు ఎంత ఆశగా చెప్పులు వేసుకుని నిలబడి ఉంటిరి," అన్నది. "వద్దనేకి నోరు రాలేదు."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఓడిపోయింది ఆమె, ఏడ్చింది నేను. ఆమె నా గ్లాసు తీసుకుని కొట్టు బల్ల మీద పెట్టింది, రెండూ కలిపి. తొమ్మిదో నంబరు బస్సు వస్తే ఎక్కాం. దారంతా ఆమె కిటికీ పక్కన నిద్రపోయింది. మర్నాడు హాస్టల్లో నాలుగింటికి పొయ్యి వెలిగించాలి.

ఆ తర్వాత నెల రోజులు నాకు ఇంట్లో ఉండడం చేతకాలేదు. సంగతి మా అన్నకు చెప్పాలనుకుంటాను, గోడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. నీళ్ళు వచ్చే రోజు తొట్టిలో పడే చప్పుడు వింటే లేచి బయటికి పోతాను. చివరికి ఒక ఆదివారం వీధి సంఘం సమావేశం పెట్టారు, అన్న ఇంటి వసారాలోనే. చెట్లకు కంచెలు, వీధి కుక్కలు, అన్నీ అయ్యాక నేను లేచాను.

"మనకు వారానికి రెండుసార్లు నీళ్ళు వస్తున్నాయి. ఒకటి లైనుకు ఇవ్వమని మనమే కార్పొరేషన్‌కు రాసిద్దాం," అన్నాను.

అపార్ట్‌మెంటు కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళకు ఇవ్వాల్సింది కార్పొరేషన్, మేడమ్. మనం ఎందుకు తగ్గించుకోవాలి?" అందులో న్యాయం లేకపోలేదు. బ్యాంకు ఆయన, వేసవి దాటాక చూద్దామన్నాడు. ఒకరు, ఎన్నికల కోపం ఇక్కడ తీర్చుకోకూడదన్నారు. అన్న నా వైపు చూడకుండా, "సరి, సేతులు ఎత్తండి, ముగిస్తాము," అన్నాడు.

నేను ఒక్కదాన్నే ఎత్తాను. అప్పుడు వదినె కాఫీల పళ్ళెం బల్ల మీద పెట్టి, చెయ్యి ఎత్తింది.

"నీవు మెంబరు కాదు," అన్నాడు అన్న.

"ఇల్లు నా పేరుమీదదా ఉండాది," అన్నది వదినె. "వీట్టు వరి రసీదు తెచ్చేదా?" ఇంటి పన్ను రసీదులో నిజంగా ఆమె పేరే ఉంది, ఎప్పుడో ఏదో సౌకర్యం కోసం అన్నే రాయించాడు.

ఎవరో నవ్వారు. అన్న నవ్వలేదు. రెండు చేతులు, తక్కినవన్నీ కిందే. మాట వీగిపోయింది. అన్న నాతో మాట్లాడక రెండు నెలలైంది, వదినెతో ఎన్నాళ్ళో నాకు తెలియదు. అడిగితే ఆమె, "ఇల్లు నిమ్మళంగా ఉండాది," అన్నది.

ఈలోగా జరిగింది ఇంకొకటి. గెలిచినామె భర్త లైనుకు వచ్చాడు. దాదాపు సగం లైను ఒక వంటామెకు వేసిందని లెక్క చూసుకున్నాడు, భయపడ్డాడు. ఇన్నేళ్ళుగా రాని రెండో కొళాయి ఇరవై రోజుల్లో వచ్చింది. కానీ దాన్ని లైనుకు కింది కొసన వేశారు, తమకు ఓటు వేసినవాళ్ళు ఎక్కువగా ఉండే వైపు. ఎవరు ఎవరికి వేశారో యంత్రం చెప్పదు, లైను చెబుతుంది. ఆమె ఇల్లు పై కొసన ఉంది. మొదటి రోజు బిందె తీసుకుని వెళితే, పాత కొళాయి మీకుంది కదా అని ఆమెను అందరికన్నా వెనక నిలబెట్టారు.

ఆమె నిలబడింది. రెండోసారీ నిలబడింది. మూడోసారికి అక్కడ బిందెల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటే, ఆమే విడదీసి, సుద్దముక్కతో గోడ మీద ఇంటి నంబర్లు రాసి, ఈసారి పై కొస నుంచి, వచ్చేసారి కింది కొస నుంచి అని వరుస కట్టింది. ఇప్పుడు నీళ్ళు వచ్చే రోజు ఎవరికి తగువొచ్చినా ఆమె హాస్టల్ నుంచి ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఇదంతా నాకు ఆమె ఆడబిడ్డ చెప్పింది. లైనుకు వెళ్ళడం నేను మానుకున్నాను.

పోయిన నెలలో ఆమె ఫోను చేసింది. పై కొసకు కూడా ఒక కొత్త కొళాయి కావాలని, నీళ్ళు వారానికి ఒకసారైనా రావాలని జోనల్ ఆఫీసులో అర్జీ ఇస్తున్నారట.

"అర్జీ నేనే రాసినాను, తమిళంలో. తప్పులు ఉంటే చూస్తారా?"

చూశాను. రెండు చోట్ల అక్షరం తప్పింది, అంతే. నేను రాసి ఉంటే ఇంత తిన్నగా రాసేదాన్ని కాదు.

"రేపు మీరూ వస్తారా?" అన్నది.

"నేనొస్తే మళ్ళీ ఏమనుకుంటారో."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "వెనక నిల్చోండి, టీచరమ్మా," అన్నది.

వెళ్ళాను. ఇరవైమంది దాకా ఆడవాళ్ళు, పై కొసవాళ్ళు, కింది కొసవాళ్ళు కూడా ముగ్గురు. నేను వెనక, గోడ పక్కన. ఆఫీసరు తలెత్తి అందరినీ ఒకసారి చూశాడు. ఆమె బల్ల ముందు నిలబడి అర్జీ చాపి ఉండగానే, అతని చూపు ఆమె తల మీదుగా వచ్చి నా కళ్ళద్దాల మీద, ఇస్త్రీ చీర మీద ఆగింది.

"చెప్పండి మేడమ్, ఏం కావాలి?" అని నన్ను అడిగాడు.

ఇరవైమందీ వెనక్కి తిరిగారు. నాకు చెప్పడం వచ్చు. ముప్ఫై ఏళ్ళు చెప్పడమే నా పని. మాట గొంతు దాకా వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగి, బయట నిలిపిన నీళ్ళ లారీ మీద అంకెలు చదువుతూ నిలబడ్డాను. కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది.

"సరే, మీరు చెప్పండమ్మా," అన్నాడతను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అతను అర్జీ తీసుకున్నాడు, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. పై కొసకు కొత్త కొళాయి ఇంకా రాలేదు. ఆ రసీదు ఆమె దగ్గరే ఉంది.